గోదావరి లోయలోని మాంసాహార రాక్షసిబల్లి

పల్నాటిసీమలోని కారంపూడి పేరు వినని తెలుగువారు అరుదు. 12వ శతాబ్దమున పల్నాటి వీరులు పోరాడిన రణభూమి అదియే. నాగులేటి యొడ్డున వీరుల గుడి నేటికిని కలదు. ప్రతి సంవత్సరము కార్తికమాసమున అచట వీరుల ఉత్సవము జరుగును. వీరుల ఆయుధములకు పూజలు చేయుదురు. ఆ ఆయుధమును చూచినవారికి యుద్ధము జరిగినదను నమ్మకము కలుగును. కాని ఆ యుద్ధ మెట్లు జరిగినది, ఎవరు ముందు దూకిరి, ఎవరు వెనుదిరిగిరి అను సంగతులను ఆయుధ మొక్కటియే చెప్పజాలదు. చరిత్రలో సాక్ష్యమునకును కథకును గల ఈ భేదము మనుష్యుల చరిత్రకే పరిమితము కాదు. కోట్ల సంవత్సరముల క్రిందటి జంతువుల చరిత్రలో ఇది మరింత ముఖ్యమైనది.

కారంపూడి చుట్టుప్రక్కల ఇండ్ల గోడలకు, గచ్చులకు వాడెడు రాయి సున్నపురాయి. పొరలు పొరలుగా లేచు ఈ రాతిని నాపరాయి అందురు. ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరమునకు సమీపమున స్టోన్స్‌ఫీల్డు అను పల్లె కలదు. అచటి వారును ఇట్లే రాతి పలకలను త్రవ్వి ఇండ్ల కప్పులకు వాడెడివారు. ఆ రాతిపొరలలో జురాసిక్ యుగపు పెద్ద మాంసాహార జంతువు యొక్క ఎముకలు దొరకినవి. రాక్షసిబల్లులలో శాస్త్రీయముగా మొదట నామకరణము పొందినది ఆ జంతువే. అక్కడి పలకరాతిలో దొరకినది పల్నాటి పలకరాతిలో ఏల దొరకదు? తెలుగునేలపై అట్టి జంతువు సంచరింపలేదా? సంచరించినచో దాని జాడ ఎచట కలదు?

పల్నాటి రాయి వయస్సు

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. పల్నాటి సున్నపురాయి మిక్కిలి ప్రాచీనమైనది. భూవిజ్ఞానశాస్త్రజ్ఞులు దీనిని కర్నూలు శిలాసముదాయమున చేర్చుదురు. ఇది ఒకప్పటి లోతులేని సముద్రపు అడుగున నిక్షేపమైన సున్నపు బురద గట్టిపడి ఏర్పడినది. ఆ సముద్ర మున్న కాలము నేటికి 50 కోట్ల సంవత్సరములకు పూర్వపుది. అప్పటికి భూమిమీద ఎముకలు గల జంతువే పుట్టలేదు. చేపలు లేవు, కప్పలు లేవు, బల్లులు లేవు. నేలపై చెట్టు లేదు. కావున కారంపూడి రాతిని ఎంత లోతు త్రవ్వినను అందులో రాక్షసిబల్లి ఎముక దొరకదు.

సున్నపురాతి పలకలను చీల్చినప్పుడు కొన్ని చోట్ల చెట్టుకొమ్మలవలె, నాచువలె నల్లని గీతలు కనబడును. చూచినవారు అవి మొక్కల శిలాజములని భ్రమపడుదురు. అవి మొక్కలు కావు. పొరల సందులలో దూరిన నీటిలోని మాంగనీసు, ఇనుము మొదలగు ఖనిజములు అట్లు కొమ్మలు కొమ్మలుగా పేరుకొన్నవి. ఆకారము చూచినంతనే జీవి అనుకొనరాదని పల్నాటి రాయి నేర్పెడు మొదటి పాఠము ఇది.

పల్నాటి రాళ్లను క్రమముగా పరిశీలించి వర్ణించినవారిలో ప్రముఖుడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖకు చెందిన విలియం కింగ్. కడప, కర్నూలు శిలలను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1872లో వెలువడినది. ఆయనయే 1871లో ఇల్లెందు సమీపమున బొగ్గుపొరను కనుగొనెను. సింగరేణి గనుల చరిత్రకు అది నాంది. పిమ్మట 1881లో ప్రాణహిత గోదావరి లోయలోని శిలలను గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను. ఒకే మనుష్యుడు పల్నాటిని, గోదావరి లోయను రెండింటిని పరిశీలించుట ఇచట గమనింపదగినది. మొదటిచోట ఎముకలు పుట్టని కాలపు రాయి కలదు. రెండవచోట ఎముకలు నిండిన రాయి కలదు. రాక్షసిబల్లిని వెదకువారు కృష్ణను దాటి ఉత్తరముగా గోదావరి లోయకు పోవలెను.

గోండుల నేల, రాక్షసుల పేర్లు

గోదావరి లోయ ఒక విశేషమైన ప్రదేశము. ప్రాచీనకాలమున అచట భూమి పగుళ్లవారి క్రుంగిపోయెను. ఆ పల్లమున నదులు కోట్ల సంవత్సరములపాటు ఇసుకను, ఒండ్రును తెచ్చి నింపెను. క్రింది పొరలలో పూడిన అడవులు బొగ్గుగా మారినవి. ఆ బొగ్గును తెలుగువారు రాక్షసిబొగ్గు అనిరి. దానికి పైనున్న కొత్త పొరలలో దొరకెడు పెద్ద సరీసృపములను రాక్షసిబల్లులు అనుచున్నారు. ఒకే లోయలో రెండు వేర్వేరు కాలపు సంపదలకు రాక్షసుల పేరే వచ్చినది. ఈ రకపు శిలలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. అది గోండుల దేశమును బట్టి వచ్చినది. ఆ పేరే పిమ్మట భారతదేశము, ఆఫ్రికా, మడగాస్కరు, ఆస్ట్రేలియా, అంటార్కిటికా మొదలగునవి కలసియున్న ప్రాచీన మహాఖండమునకును పేరైనది.

ఈ లోయలో జురాసిక్ యుగపు శిలలకు కోటా శిలలని పేరు. కోటా అనునది ప్రాణహిత నది యొడ్డున సిరోంచాకు సమీపమునగల చిన్న గ్రామము. నేడది మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. ఆ సిరోంచా ప్రాంతమున తెలుగు మాటాడువారు పెక్కుమంది కలరు. 19వ శతాబ్దపు నడుమ ఆ గ్రామమువద్ద సున్నపురాతి పలకలలో మెరయుచున్న పొలుసులతో చేపల శిలాజములు దొరకినవి. 1851లో సైక్స్ అను సైనికాధికారి వానిని గూర్చి లండనులో ప్రకటించెను. ఆ చేపల ఆధారముననే ఆ రాళ్లు జురాసిక్ యుగము నాటివని మొదట తేలినది. జురాసిక్ యుగము సుమారు 20 కోట్ల సంవత్సరముల నుండి 14½ కోట్ల సంవత్సరముల క్రిందటి వరకు నడచినది. అందులో కోటా శిలలు పూర్వభాగమునకు చెందునా, మధ్యభాగమునకు చెందునా అను విషయమున పండితులలో వాదము కలదు.

ఇంగ్లండులో, అమెరికాలో జరిగినది

పెద్ద మాంసాహారుల ఎముకలను మనుష్యులు ఎట్లు గుర్తించిరో తెలిసికొన్నచో గోదావరి లోయ కథ బాగుగా బోధపడును. 1677లో ఇంగ్లండున రాబర్టు ప్లాట్ అను పండితుడు ఒక పెద్ద తొడయెముక యొక్క క్రింది భాగమును బొమ్మ వేసి ప్రకటించెను. ఏ జంతువుదో తోచక చివరకు అది పూర్వకాలపు మహాకాయుడైన మనుష్యునిదని నిర్ణయించెను. పొలములలోని ప్రాచీన సమాధులకు రాక్షసిగుళ్లు అని పేరు పెట్టిన తెలుగువారి ఊహకును ఈ పండితుని ఊహకును పెద్ద భేదము లేదు.

సుమారు 150 సంవత్సరములకు పిమ్మట, 1824లో, విలియం బక్లండ్ స్టోన్స్‌ఫీల్డు పలకలలో దొరకిన పండ్లతో కూడిన దవడను, మరికొన్ని ఎముకలను పరిశీలించి, అది మనుష్యుడు కాదు, ఏనుగు కాదు, బల్లిజాతికి దగ్గరగు మాంసాహారియని చాటెను. దానికి మెగలోసారస్, అనగా పెద్దబల్లి, అని పేరు పెట్టెను. ఈ నిర్ణయమునకు ముఖ్యాధారము ఆ దవడయు అందలి పండ్లును. ఆ పండ్లు కత్తులవలె వంగి, అంచులయందు వరికోత కొడవలివలె సన్నని కక్కులు కలిగియున్నవి. మాంసమును కోయుటకు తప్ప అట్టి పన్ను దేనికిని పనికిరాదు.

అమెరికాలో జరిగిన కథ మరింత చిత్రమైనది. అచట కొలరాడో ప్రాంతమున జనులు కొన్ని రాళ్లను శిలగా మారిన గుఱ్ఱపు డెక్కలని తలచెడివారు. అందులో ఒకటి 1870లో జోసెఫ్ లీడీ అను శాస్త్రజ్ఞునికి చేరెను. అది డెక్క కాదు. పెద్ద మాంసాహారి తోకలోని వెన్నుపూసలో సగము ముక్క. 1873లో ఆయన దానికి ఆంట్రోడెమస్ అను పేరు సూచించెను. 1877లో మార్ష్ అను మరియొక శాస్త్రజ్ఞుడు అదే ప్రాంతమున దొరకిన వేరు ముక్కలకు అల్లోసారస్ అని పేరు పెట్టెను. పిమ్మట మరింత సంపూర్ణమైన అస్థిపంజరములు దొరకినవి. అన్నియు ఒకే జంతువు అగునేమోనని అనుమానము కలిగినది. అప్పుడు ఏ పేరు నిలువవలెను? 1920లో గిల్మోర్ పాతపేరే నిలువవలెననెను. 1976లో మాడ్సెన్, యూటాలోని ఒక గనిలో కుప్పలుగా దొరకిన ఎముకలను వర్ణించి, సగము పూసను బట్టి జాతిని నిర్ణయింపరాదనియు, అల్లోసారస్ పేరే తగినదనియు చెప్పెను. ఆ గనిలో కనీసము 46 అల్లోసారస్‌ల ఎముకలు దొరకినవి. అయినను మార్ష్ పేరు పెట్టిన ముక్కలును అరకొరవియే గనుక చిక్కు తీరలేదు. తుదకు 2023లో అంతర్జాతీయ జంతునామకరణ సంఘము దాదాపు సంపూర్ణమైన వేరొక అస్థిపంజరమును ఆ పేరునకు ప్రమాణముగా అంగీకరించెను. అరకొర ముక్కకు పేరు పెట్టుట ఎంత సులభమో, ఆ పేరును నిలుపుట అంత కష్టమని దీనివలన తెలియును.

ప్రాణహిత యొడ్డున త్రవ్వకములు

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట గోదావరి లోయలో క్రమమైన వెదకులాట మొదలైనది. కలకత్తాలోని భారత సాంఖ్యకశాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానముపై లండను యూనివర్సిటీ కాలేజీ నుండి పమేలా రాబిన్సన్ అను శాస్త్రవేత్త వచ్చెను. ఆమె నాయకత్వమున యువ శాస్త్రజ్ఞులు ప్రాణహిత గోదావరి లోయలో సంచరించిరి. 1958లో సిరోంచా ప్రాంతములోని పోచంపల్లి అను గ్రామమువద్ద పెద్ద ఎముకలు బయటపడినవి. ఇది భూదానోద్యమము పుట్టిన పోచంపల్లి కాదు. అదే పేరుగల వేరొక పల్లె. 1960, 1961 సంవత్సరములలో అచట సుమారు 300 ఎముకలను వెలికి తీసిరి. అవి కనీసము ఆరు జంతువులవి. వానితోపాటు శిలగా మారిన పెద్ద చెట్ల మ్రానులును ఉండెను. ఒక తొడయెముక పొడవు 1.7 మీటర్లు, అనగా నిలువెత్తు మనిషి అంత.

1975లో జైన్, కుట్టి, రాయ్ చౌధురీ, శంకర్ చటర్జీ కలసి ఆ జంతువునకు బరపాసారస్ టాగోరీ అని పేరు పెట్టిరి. బర పా అనగా పెద్దకాలు. 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరము గనుక రెండవ పేరు ఆయన స్మారకముగా వచ్చినది. దాని అస్థిపంజరమును కలకత్తాలోని ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలిపిరి. పిమ్మట తెలంగాణములోని యామనపల్లివద్ద భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారు అట్టిదే మరియొక జంతువు యొక్క ఎముకలను ఎనిమిది వందలకు పైగా సేకరించిరి. ఆ శాఖకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో చూడవచ్చును.

ఈ రెండును పొడవాటి మెడ, పొడవాటి తోక గల శాకాహారులు. చెట్ల ఆకులు మేయుచు నాలుగు కాళ్లపై మెల్లగా నడచునవి. ఇంతటి మేత జంతువులున్నచోట వానిని వేటాడు జంతువు ఉండక తీరదు. అడవిలో జింకలున్న చోట పులి ఉండును. ఆ పులి ఎచట?

దండకోసారస్

దానికి సాక్ష్యము కోటా శిలలలోనే దొరకినది. 1982లో యాదగిరి అప్పటి ఆంధ్రప్రదేశములోని కోటా శిలల నుండి వచ్చిన ఒక పెద్ద మాంసాహారి ఎముకను వర్ణించి, దానికి దండకోసారస్ ఇండికస్ అని పేరు పెట్టెను. ఆ పేరు వినగానే తెలుగువారికి దండకారణ్యము స్ఫురించును. పేరునకు మూలాధారము జఘనాస్థి యొక్క విరిగిన భాగము.

జఘనాస్థి యనగా కటివలయములో పొత్తికడుపు వైపున నుండు ఎముక. మాంసాహార రాక్షసిబల్లులు వెనుకకాళ్లు రెండింటిమీదనే నడచునవి. శరీరపు బరువంతయు తుంటిమీద నిలుచును. కావున తుంటిలోని ఎముకల ఆకారము, అవి తొడయెముకతో కలియు తీరు చూచి, జంతువు ఏ వంశమునకు చెందినదో కొంత చెప్పవచ్చును. ఎముక పరిమాణమును బట్టి అది పెద్ద జంతువనియు తెలియును. ఇంతవరకు సాక్ష్యము గట్టిది.

ఇంతకు మించి ఆ ఎముక చెప్పజాలదు. దాని తలపై కొమ్ము ఉండెనా, ముందుకాళ్లకు ఎన్ని వ్రేళ్లుండెను, దవడ ఎంత పొడవు, దాని పొడవు సరిగా ఎన్ని మీటర్లు అను ప్రశ్నలకు ఆ ముక్కలో జవాబు లేదు. ఇతర దేశములలో దొరకిన పెద్ద మాంసాహారుల నుండి దీనిని వేరుచేయు ప్రత్యేక లక్షణములు ఆ ముక్కలో స్పష్టముగా లేనందున, తరువాతి పండితులు దండకోసారస్‌ను సందిగ్ధనామముగా ఎంచుచున్నారు. సందిగ్ధనామమనగా జంతువు లేదని కాదు. జంతువు ఉన్నది, దాని ఎముక ఉన్నది. ఆ ఎముక ఆధారముతో వేరొక ఎముకను చూచి, ఇదియు అదే జాతి అని నిశ్చయముగా చెప్పలేమని అర్థము.

ఇది యాదగిరి చేసిన పనికి న్యూనత కాదు. ఆయన పేరు పెట్టి వర్ణింపకున్నచో ఆ ముక్క బీరువాలోని వేయి ముక్కలలో ఒకటిగా మిగిలిపోయెడిది. పూర్వ జురాసిక్ యుగపు పెద్ద మాంసాహారుల ఎముకలు ప్రపంచమందంతటను అరుదు. అరిజోనాలో 1942లో దొరకిన డైలోఫోసారస్‌కు కూడ మొదట 1954లో మెగలోసారస్ జాతి పేరే పెట్టిరి. అది వేరు జాతియని తెలిసి 1970లో గాని సొంత పేరు రాలేదు. అంటార్కిటికాలో మంచునడుమ కర్క్‌పాట్రిక్ పర్వతముమీద 1990, 1991 కాలమున దొరకిన క్రయోలోఫోసారస్‌కు 1994లో పేరు వచ్చినది. దాని పొడవు సుమారు 6 లేక 7 మీటర్లు. తలపై దువ్వెనవంటి అడ్డశిఖ కలదు. ఆ కాలమున అంటార్కిటికాయు, గోదావరి లోయయు ఒకే మహాఖండమున ఉండెను. గోదావరి జంతువునకు దానితో బంధుత్వమున్నదా అను ప్రశ్నకు మరికొన్ని ఎముకలు దొరకిననే గాని ఉత్తరము రాదు.

పాఠకులు ఒక విషయమున పొరబడరాదు. నర్మదా లోయలో దొరకి 2003లో పేరు పొందిన రాజాసారస్ కూడ భారతదేశపు పెద్ద మాంసాహారియే. కాని అది జురాసిక్ యుగపుది కాదు. తరువాతి క్రెటేషియస్ యుగము చివరిది. కోటా జంతువునకును దానికిని నడుమ సుమారు 10 కోట్ల సంవత్సరములు గడచినవి.

పులి ఎముకలు ఏల అరుదు?

శాకాహారుల ఎముకలు వందలుగా దొరకి, మాంసాహారి ఎముక ఒక్కటి దొరకుటకు కారణము లేకపోలేదు. పల్నాటి గొఱ్ఱెలకాపరికి ఇది బాగుగా తెలిసిన సంగతి. మందలో వందల గొఱ్ఱెలుండును. చుట్టునున్న గుట్టలలో తోడేళ్లు నాలుగైదు మించవు. తినెడి జంతువుకన్న తినబడు జంతువులు ఎల్లప్పుడును చాల రెట్లు ఎక్కువగా నుండవలెను. లేనిచో తినెడిది ఆకలితో చచ్చును. కావున బురదలో పూడిపోయి శిలగా మారు అవకాశము మాంసాహారికి తక్కువ. అదిగాక మాంసాహార రాక్షసిబల్లుల ఎముకలు పలుచని గోడలతో లోపల డొల్లగా నుండును. వరదలో దొర్లినప్పుడు అవి త్వరగా పగులును. యూటా గనిలో శాకాహారులకన్న మాంసాహారులే ఎక్కువగా దొరకుట వింత గనుకనే శాస్త్రజ్ఞులు దానికి కారణమును గూర్చి నేటికిని వాదించుచున్నారు.

ఐనను మాంసాహారి విడుచు జాడ ఒకటి కలదు. అది పన్ను. ఈ జంతువులకు పండ్లు బ్రదికినన్నాళ్లు ఊడుచు మరల మొలచుచుండును. గట్టి పింగాణివంటి పూత గలిగియుండుటచే పన్ను సులభముగా నశింపదు. అందుచే నేటి శాస్త్రజ్ఞులు పెద్ద ఎముకలనే గాక, మట్టిని బస్తాలతో తెచ్చి నీటిలో నానబెట్టి సన్నని జల్లెడలతో జల్లించి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని క్రింద చూచుచున్నారు. ఆసిఫాబాదు ప్రాంతములోని పైకాసిగూడెమువద్ద ఇట్టి శ్రమచే చిన్నబల్లుల దవడలు, తొలి క్షీరదముల పండ్లు దొరకినవి. కోటా శిలలలో దొరకిన ఒక క్షీరదమునకు, భారతదేశమున స్థిరపడిన జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ పేరున కోటాథీరియం హాల్డేనీ అని 1981లో పేరు పెట్టిరి. 2020లో జి. వి. ఆర్. ప్రసాదు, వరుణ్ పర్మార్ అను శాస్త్రజ్ఞులు కోటా శిలలలోని మాంసాహార రాక్షసిబల్లుల పండ్లను వర్ణించిరి. అవి చిన్న జంతువులవి. కావున ఆ అడవిలో పెద్ద వేటగాండ్రే గాక చిన్న వేటగాండ్రును ఉండిరని తేలినది.

మిగిలిన ఎముకలు

పెద్ద మాంసాహారి యొక్క మిగిలిన ఎముకలు ఆ లోయలో ఉండవచ్చును. వాన కురిసినప్పుడు వాగుల ఒడ్లు కోసుకొనిపోయి ఎఱ్ఱని బంకమన్ను నుండి ఎముక కొన బయటపడును. ఒకటి రెండు వర్షాకాలములు గడచునప్పటికి అది పొడియై వాగున కలియును. చెరువుకట్టకు మన్ను త్రవ్వువారు, బాటకు కంకర కొట్టువారు, పశువులు కాయువారు దానిని శాస్త్రజ్ఞునికన్న ముందుగా చూతురు. బరువుగా నుండి, లోపల తేనెపట్టువంటి సన్నని రంధ్రములు గల రాయి కనబడినచో దానిని పెకలింపక, పగులగొట్టక, చోటు గుర్తుంచుకొని, పాఠశాలలోని ఉపాధ్యాయునికో, భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారికో తెలుపుట మంచిది. తీసిన ఎముకకన్న ఉన్నచోట ఉన్న ఎముక ఎక్కువ సంగతులు చెప్పును. ఏ పొరలో నున్నది, ప్రక్కన ఏమున్నది అను వివరము పోయినచో, పేరు చెరిగిన శాసనమువలె అది సగము మూగదగును.

కారంపూడిలో వీరుల ఆయుధములను శతాబ్దముల తరబడి కాపాడుకొన్నారు. అవి యుండుటచే కథకు ఒక ఆధారము నిలిచినది. గోదావరి లోయలోని వేటజంతువు కథకు నేడు గల ఆధారము ఒక విరిగిన తుంటియెముక. అది చెప్పినంతవరకే వినుట శాస్త్రజ్ఞుని ధర్మము. చెప్పనిదానిని ఊహతో నింపి సత్యమని చాటినచో, ప్లాట్ పండితుని మహాకాయుని కథవలె అదియు ఒకనాడు నవ్వులపాలగును. రెండవ ఎముక దొరకునాడు మొదటి ఎముక మరల మాటాడును. అంతవరకు దండకోసారస్ అను పేరు, తెలుగునేలపై పెద్ద వేటగా డొకడు నడచెననుటకు గుర్తుగా నిలిచియుండును.